ఏళ్ల తరబడి ఎముకల మందు వాడుతున్న పెద్దవారికి తొడ నొప్పి వస్తే ఇంట్లోవారు చేయవలసిన పనులు

పెద్దవయసులో తుంటి విరగడం గురించి అందరికీ తెలుసు. కాలు జారి పక్కకు పడిపోతారు, తుంటి కీలు దగ్గర ఎముక విరుగుతుంది, ఆపరేషను అవసరమవుతుంది. గుల్లబారిన ఎముకలు ఎక్కువగా విరిగేది ఆ విధంగానే, దానిని ఆపడానికే డాక్టర్లు బోలు ఎముకల వ్యాధికి మందులు రాస్తారు. అయితే ఆ మందులను చాలా ఏళ్లు వాడినవారిలో అరుదుగా మరో రకం ఫ్రాక్చర్ కనిపిస్తుంది. ఇది తుంటి కీలులో కాక దానికి కొంచెం దిగువన, తొడ ఎముక కాండంలో వస్తుంది. పెద్దగా దెబ్బ తగలకుండానే, ఒక్కోసారి అసలు పడకుండానే, నడుస్తున్నప్పుడో కుర్చీలోంచి లేచి పక్కకు తిరిగినప్పుడో ఎముక ఎండుపుల్ల విరిగినట్టు అడ్డంగా విరుగుతుంది. వైద్యులు దీనిని ఎటిపికల్ ఫీమర్ ఫ్రాక్చర్ అంటారు.

చాలామందిలో ఇది హఠాత్తుగా రాదు. ఎముక పూర్తిగా విరగడానికి కొన్ని వారాల ముందో, నెలల ముందో తొడలో గానీ గజ్జలో గానీ నొప్పి మొదలవుతుంది. పది మందిలో దాదాపు ఏడుగురికి ఈ ముందస్తు నొప్పి ఉంటుందని వైద్య నివేదికలు చెబుతున్నాయి. ఆ నొప్పి ఉన్న రోజుల్లోనే తొడ ఎముకకు ఎక్స్‌రే తీయిస్తే బీట కనబడుతుంది, కాలు విరగకముందే చికిత్స చేయవచ్చు. ఆ నొప్పిని గుర్తుపట్టడం, డాక్టరుకు సరిగ్గా చెప్పడం, సరైన చోట పరీక్ష చేయించడం, అదే సమయంలో భయపడి మందును సొంతంగా మానేయకపోవడం, ఇవన్నీ ఇంట్లోవారి చేతిలో ఉన్న పనులే.

ముందుగా మందుల లెక్క రాసి పెట్టుకోవాలి

పెద్దవారు వాడుతున్నది ఏ మందో, ఎన్నేళ్లుగా వాడుతున్నారో అన్నదే అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం, ఎక్కువ ఇళ్లలో ఎవరికీ సరిగ్గా తెలియనిది కూడా అదే. నొప్పి లేని రోజునే కూర్చుని ఈ లెక్క రాసుకోవడం మంచిది. పాత చీటీలు, మందుల అట్టలు, ఆసుపత్రి ఫైళ్లు తిరగేస్తే తేదీలు దొరుకుతాయి.

చూడవలసిన పేర్లు కొన్నే. వారానికి ఒకసారి పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంటసేపు పడుకోకుండా ఉండవలసిన మాత్ర అయితే అది సాధారణంగా అలెండ్రొనేట్ గానీ రైసెడ్రొనేట్ గానీ అయి ఉంటుంది. నెలకు ఒకసారి వేసుకునే మాత్ర ఐబాండ్రొనేట్ కావచ్చు. ఏడాదికి ఒకసారి నరంలోకి సెలైనులా ఎక్కించేది జోలెడ్రోనిక్ యాసిడ్. ఈ నాలుగూ బిస్ఫాస్ఫొనేట్లు అనే ఒకే కుటుంబానికి చెందిన మందులు. ఆరు నెలలకు ఒకసారి చర్మం కింద ఇచ్చే ఇంజెక్షను డెనోసుమాబ్. ఇది వేరే జాతి మందే అయినా, ఈ ఫ్రాక్చర్ దీనితోనూ రావచ్చు. పేరుతో పాటు మొదలుపెట్టిన నెల, సంవత్సరం, మధ్యలో ఎప్పుడైనా ఆపితే ఎంతకాలం ఆపారో, ఒక మందు నుంచి మరో మందుకు ఎప్పుడు మారారో కూడా రాయాలి. ఐదేళ్లు అలెండ్రొనేట్ వాడి, ఆ తరువాత రెండేళ్లు డెనోసుమాబ్ తీసుకున్నవారికి లెక్క ఏడేళ్లు అవుతుంది, రెండేళ్లు కాదు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పాత ఐదేళ్లు చెప్పకపోవడం చాలా తరచుగా జరిగే పొరపాటు.

అదే కాగితం మీద స్టెరాయిడ్ మాత్రల సంగతి కూడా రాయాలి. కీళ్లవాతానికో ఆయాసానికో ప్రెడ్నిసొలోన్ వంటివి ఎక్కువకాలం వాడినవారిలో ఈ ప్రమాదం పెరుగుతుంది. క్యాన్సర్ ఎముకలకు పాకినవారికి జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్‌లను చాలా ఎక్కువ మోతాదులో, చాలా తరచుగా ఇస్తారు కనుక వారి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. వారికి తొడ నొప్పి వస్తే క్యాన్సర్ మచ్చ ఒక్కటే కారణమని అనుకోకుండా ఈ ఫ్రాక్చర్‌ను కూడా వెతకాలి.

ఎముకలో ఏం జరుగుతుంది

పని దశలకు వెళ్లేముందు కారణం కొంచెం తెలిసి ఉంటే మిగతాదంతా తేలికగా గుర్తుంటుంది. ఎముక రాయి లాంటి నిర్జీవ పదార్థం కాదు. అరిగిన పాత భాగాన్ని తొలిచే కణాలు ఒకవైపు, ఆ గుంటలో కొత్త ఎముకను పేర్చే కణాలు మరోవైపు జీవితాంతం పని చేస్తూనే ఉంటాయి. బోలు ఎముకల వ్యాధిలో తొలిచే పని పేర్చే పనిని మించిపోతుంది. బిస్ఫాస్ఫొనేట్లూ, డెనోసుమాబూ తొలిచే కణాలను అణచి ఎముక కరిగిపోకుండా కాపాడతాయి. వెన్నుపూసలూ, తుంటీ విరగకుండా నిలబడేది ఈ పని వల్లనే.

అయితే తొలిచే పనికి మరో ప్రయోజనం కూడా ఉంది. రోజూ నడవడం వల్ల ఎముకలో కంటికి కనబడనంత సన్నని పగుళ్లు పడుతూ ఉంటాయి, ఆ పగుళ్లు ఉన్న ముక్కను తొలగించి కొత్తది కట్టడమే శరీరం చేసుకునే మరమ్మతు. తొలిచే పని ఏళ్ల తరబడి అణగిపోతే కొందరిలో ఆ మరమ్మతు వెనకబడుతుంది, పగుళ్లు ఒకదానికొకటి కలుస్తాయి. తొడ ఎముక నిటారుగా ఉండే స్తంభం కాదు, కొద్దిగా విల్లులా వంగి ఉంటుంది. ఒక కర్రను రెండు చేతులతో పట్టుకుని వంచితే వంపు బయటి వైపున ముందుగా పీచు లేచినట్టే, బరువు పడ్డప్పుడు తొడ ఎముక బయటి గోడ సాగదీతకు గురవుతుంది. బీట మొదలయ్యేది సరిగ్గా అక్కడే. కాళ్లు సహజంగా కొంచెం ఎక్కువ వంపుగా ఉన్నవారిలోనూ, ఆసియా సంతతివారిలోనూ ఈ ఫ్రాక్చర్ ఎక్కువగా కనిపిస్తుంది. తొడ ఎముక ఆకృతి ఇందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావిస్తున్నారు.

నొప్పిని గుర్తుపట్టడం

ఈ నొప్పి తొడ ముందు భాగంలోనో బయటి వైపునో, లేదా గజ్జలోనో ఉంటుంది. నిలబడినప్పుడు, నడిచినప్పుడు, మెట్లు ఎక్కేటప్పుడు, ముఖ్యంగా ఆ కాలి మీద బరువు మోపిన మొదటి క్షణంలో ఎక్కువవుతుంది, కూర్చుంటేనో పడుకుంటేనో తగ్గుతుంది. పైకి వాపు ఉండదు, ఎర్రదనం ఉండదు, దెబ్బ తగిలిన గుర్తు ఉండదు. మొదట్లో సన్నగా, సలుపులా ఉండి వారాలు గడిచేకొద్దీ ముదురుతుంది. ఒక తొడలో రావచ్చు, రెండింటిలోనూ రావచ్చు.

మా పెద్దమ్మ వారం వారం వేసుకునే మాత్రను తొమ్మిదేళ్లు వాడింది. ఆదివారం పొద్దున్న నిండు గ్లాసు నీళ్లు పక్కన పెట్టుకుని, మాత్ర వేసుకుని, గడియారం చూస్తూ అరగంట కూర్చునేది. ఒక్క వారం కూడా తప్పలేదు. తొమ్మిదో ఏట, “తొడ లోపల పుండు ఉన్నట్టుంది నాయనా, పైన తడిమి చూస్తే ఏమీ లేదు” అనడం మొదలుపెట్టింది. మంచం మీద నుంచి లేచి మొదటి అడుగు వేసేటప్పుడు ఒక్క క్షణం ఆగి, గోడ పట్టుకుని, పెదవి బిగించి, ఆ తరువాత నడిచేది. మేము మోకాలి అరుగుదల అనుకున్నాము. మోకాలికి ఎక్స్‌రే తీశారు, అరుగుదల కనబడింది. తగ్గకపోతే నడుముకు ఎమ్మారై తీశారు, అక్కడా వయసుకు తగ్గ అరుగుదల కనబడింది. రెండింటికీ మందులు వాడాము. మోకాలికీ నడుముకీ మధ్యన ఉన్న తొడను మాత్రం మూడు నెలల పాటు ఎవరమూ ఫోటో తీయించలేదు. ఒక రోజు వంటింటి గట్టు దగ్గర నుంచి వెనక్కి తిరగబోతూ కూలిపోయింది. పడినందువల్ల కాలు విరగలేదు, కాలు విరిగినందువల్ల పడింది.

ఆ వయసులో మోకాలికీ నడుముకీ తీసిన ప్రతి ఫోటోలోనూ ఏదో ఒక అరుగుదల కనబడుతుంది, అది కనబడగానే కారణం దొరికిందన్న తృప్తితో వెతకడం ఆగిపోతుంది. ఈ ఫ్రాక్చర్ తప్పిపోయేది ఎక్కువగా ఈ విధంగానే. తొడ నొప్పి సయాటికా (నడుము నుంచి కాలిలోకి పాకే నరం నొప్పి) అయినా, మోకాలి అరుగుదల అయినా, తుంటి కీలు వాతమైనా కావచ్చు, నిజానికి ఎక్కువసార్లు అవే అవుతాయి కూడా. అయినా మూడేళ్లకు పైగా ఈ మందులు వాడినవారికి కొత్తగా తొడ నొప్పి వస్తే, తొడ ఎముక బాగానే ఉందని ఎక్స్‌రేలో చూసిన తరువాతే మిగతా కారణాలకు స్థిరపడాలి. పెద్దవారు నొప్పిని చెప్పుకునే తీరు కూడా గమనించాలి. చాలామంది “వయసు నొప్పులే” అని తామే తేల్చేస్తారు. వారు చెప్పకపోయినా నడకలో కొత్తగా కుంటు కనబడినా, మెట్లకు బదులు లిఫ్టు కోసం ఎదురుచూస్తున్నా, ఒక కాలితోనే మెట్టెక్కి రెండో కాలిని పక్కకు చేర్చుకుంటున్నా, కూర్చోబెట్టి నొప్పి ఎక్కడో చేత్తో చూపించమని అడగాలి.

నొప్పి ఉందని తెలిసిన రోజే చేయవలసినవి

మొదటి పని ఆ కాలి మీద బరువు తగ్గించడం. డాక్టరు చూసేదాకా వాకర్‌తో నడిపించాలి. వాకర్ లేకపోతే ఒకరు పక్కన ఆసరాగా ఉండి అవసరమైనంత మేరకే నడిపించాలి. మెట్లు ఎక్కడం, బరువులు ఎత్తడం, వ్యాయామంగా చేసే నడక, ఒంటికాలి మీద నిలబడే యోగాసనాలు అన్నీ ఆపాలి. “నడిస్తే సర్దుకుంటుంది” అన్న మాట కండరాల నొప్పికి సరిపోవచ్చు గానీ, బీట ఉన్న ఎముకకు అది హాని చేస్తుంది. మర్దనలతోనూ, నొప్పి మాత్రలతోనూ వారాలు గడపకూడదు. నొప్పి మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గి ఎక్కువ నడుస్తారు, ఎక్కువ నడిస్తే బీట పెరుగుతుంది.

రెండో పని ఎముకల డాక్టరుకు గానీ, మందు రాసిన డాక్టరుకు గానీ వీలైనంత త్వరగా, రోజుల్లోనే చూపించడం. అక్కడ మాట తడబడకుండా ఉండాలంటే వాక్యాన్ని ముందే అనుకుని వెళ్లవచ్చు: “డాక్టరు గారూ, అమ్మ తొమ్మిదేళ్లుగా అలెండ్రొనేట్ వాడుతోంది. ఆరు వారాలుగా కుడి తొడలో నొప్పి ఉంది, కాలు మోపితే ఎక్కువవుతోంది, దెబ్బ ఏమీ తగలలేదు. తొడ ఎముకలో బీట ఉందేమో రెండు కాళ్లకూ ఎక్స్‌రే తీసి చూస్తారా?” మందు పేరు, ఎన్నేళ్లు, నొప్పి చోటు, దెబ్బ లేకపోవడం, ఈ నాలుగూ ఒకే మాటలో వింటే ఏ డాక్టరుకైనా విషయం వెంటనే అందుతుంది. ఇలా అడగడం డాక్టరును తప్పుపట్టడం అవుతుందేమోనని సంకోచించనవసరం లేదు. అరుదైన సమస్య కనుక గుర్తుచేసే మాట వారికి నిజంగానే ఉపయోగపడుతుంది.

మూడో పని సరైన ఫోటోలు తీయించడం. తుంటికి మాత్రమే తీసే ఎక్స్‌రేలో తొడ ఎముక పైభాగం కొంతే పడుతుంది, మోకాలికి తీసేదానిలో కింది కొస మాత్రమే పడుతుంది. కావలసింది తుంటి నుంచి మోకాలి వరకు తొడ ఎముక మొత్తం పొడవునా, ముందు నుంచి ఒకటీ పక్క నుంచి ఒకటీ, రెండు కాళ్లకూ. నొప్పి ఒక కాలిలోనే ఉన్నా రెండోదానికి ఎందుకు అంటే, ఈ ఫ్రాక్చర్ వచ్చినవారిలో పావు వంతుకు పైగా మందికి రెండో తొడలోనూ బీటో పూర్తి ఫ్రాక్చరో బయటపడింది. ఎక్స్‌రే చీటీ మీద డాక్టరు ఏమి రాశారో చదువుకుని, ఫోటో తీసేచోట మళ్లీ ఒకసారి చెప్పడం వృథా కాదు.

ఆ ఫోటోలో వెతికే గుర్తు చాలా చిన్నది. తొడ ఎముక బయటి అంచును వేలితో పై నుంచి కిందికి అనుసరిస్తూ వస్తే, నున్నగా సాగుతున్న తెల్లటి గీత ఒకచోట వెదురు గడ మీది కణుపులా కొంచెం ఉబ్బి కనబడుతుంది. బీట చుట్టూ శరీరం అతుకు వేయబోయి చేర్చుకున్న ఎముక అది. ఆ ఉబ్బు మధ్యలో అడ్డంగా సన్నటి నల్లగీత కూడా ఉంటే ఎముక విరిగే ప్రమాదం ఎక్కువగా ఉన్నట్టు. ఇంట్లోవారు ఫోటో చూసి నిర్ణయం చేయకూడదు. కానీ నివేదికలో “బయటి కార్టెక్స్ (ఎముక గట్టి గోడ) మందంగా ఉంది” అన్న అర్థంలో ఒక వాక్యం కనబడితే దానిని దాటిపోకుండా డాక్టరుకు చూపించాలి.

ఎక్స్‌రేలో ఏమీ లేకపోయినా నొప్పి పోకపోతే అక్కడితో వదిలేయకూడదు. తొలి దశలో బీట ఎక్స్‌రేకు అందకపోవచ్చు. అప్పుడు తొడకు ఎమ్మారై తీస్తే ఎముక లోపలి వాపు తెలుస్తుంది, ఎమ్మారై వీలుకానివారికి బోన్ స్కాన్ ఉపయోగపడుతుంది. ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్షలో అంకెలు బాగున్నాయి కదా అని కూడా నిశ్చింతగా ఉండకూడదు. ఆ పరీక్ష ఎముక ఎంత దట్టంగా ఉందో చెబుతుంది గానీ, తొడ కాండంలోని బీటను వెతకడానికి మామూలుగా చేసే డెక్సా సరిపోదు.

బీట బయటపడితే

బీట ఉందని తేలితే డాక్టర్లు మొదట బిస్ఫాస్ఫొనేట్‌ను ఆపుతారు, రక్తంలో క్యాల్షియం, విటమిన్ డి స్థాయిలు చూసి తక్కువగా ఉంటే సరిచేస్తారు. ఆ తరువాత నిర్ణయం ప్రధానంగా నొప్పి మీదా, ఫోటోలో నల్లగీత ఉండడం మీదా ఆధారపడుతుంది. నొప్పీ నల్లగీతా రెండూ ఉంటే ఎముక పూర్తిగా విరగకముందే తొడ ఎముక లోపలి గొట్టంలోకి పొడవాటి రాడ్ వేయడం మంచిదని ఎక్కువమంది సర్జన్లు సలహా ఇస్తారు. విరగని కాలికి ఆపరేషను ఏమిటని ఇంట్లో అందరికీ అనిపిస్తుంది. విరిగాక అత్యవసరంగా, నొప్పితో, ఎముక ముక్కలను సరిచేసుకుంటూ చేసే ఆపరేషను కన్నా, ముందే ఏర్పాటు చేసుకుని చేసేది రోగికి చాలా తేలిక. ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు తగ్గుతాయి, కోలుకోవడం తొందరగా ఉంటుంది.

నొప్పి చాలా తక్కువగా ఉండి, గీత లేకుండా ఉబ్బు మాత్రమే కనబడితే వాకర్‌తో బరువు తగ్గించి, రెండు మూడు నెలలు గమనిస్తూ, మధ్యలో ఫోటోలు తీస్తూ చూడవచ్చు. ఆ గడువులో నొప్పి తగ్గకపోయినా, ఫోటో మెరుగుపడకపోయినా రాడ్ గురించి మళ్లీ మాట్లాడాలి. ఈ కాలంలో ఇంట్లోవారు చేయగలిగిన మేలు వాకర్ వాడకాన్ని కచ్చితంగా నిలబెట్టడం. నొప్పి తగ్గిన రోజున వాకర్‌ను మూలన పెట్టేయాలనిపించడం సహజమే, కానీ దానిని ఎప్పుడు వదలాలో డాక్టరు ఫోటో చూసి చెప్పాలి.

కొందరికి డాక్టర్లు టెరిపారటైడ్ అనే ఇంజెక్షనును సూచిస్తారు. ఇది తొలిచే కణాలను అణచే మందు కాదు, కొత్త ఎముక పేర్చే పనిని ప్రోత్సహించేది, రోజూ చర్మం కింద తీసుకోవాలి. బీట అతుక్కోవడానికి ఇది సాయపడుతుందనడానికి ఉన్న ఆధారాలు పరిమితమైనవే. అయినా మిగతా ఎముకలు గుల్లబారి ఉన్నవారికి ఆగిపోయిన మందు స్థానంలో ఇది పనికివస్తుంది కనుక దీని గురించి అడగవచ్చు. గతంలో ఎముకకు రేడియేషన్ తీసుకున్నవారు, ఎముక క్యాన్సర్ ఉన్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, వారికి దీనిని సాధారణంగా ఇవ్వరు.

ఎముక పూర్తిగా విరిగితే

కాలు ఒక్కసారిగా ఒరిగిపోయి మనిషి కూలిపోతే లేపి నిలబెట్టే ప్రయత్నం చేయకూడదు, కాలిని లాగి సరిచేయకూడదు. ఉన్నచోటనే ఉంచి, కాలికి రెండు వైపులా దిండ్లు ఆనించి కదలకుండా చేసి, అంబులెన్సును పిలవాలి. ఆపరేషను అవసరమవుతుంది కనుక తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకూడదు. ముందే రాసి పెట్టుకున్న మందుల కాగితాన్ని వెంట తీసుకువెళ్లాలి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే అది మొదటి మాటగా చెప్పాలి. ఆసుపత్రిలో విరిగిన కాలి హడావిడిలో రెండో తొడ ఫోటో మరుగున పడే అవకాశం ఉంది. ఇంట్లోవారు గుర్తుపెట్టుకుని అడగవలసిన మాట అదే. మా పెద్దమ్మ రెండో తొడలో బీట ఆ విధంగానే దొరికింది, దానికి నొప్పి అప్పటికి మొదలే కాలేదు.

మామూలు తొడ ఫ్రాక్చర్ కన్నా ఇది అతుక్కోవడానికి ఎక్కువకాలం పడుతుంది. ఆరు నెలలు దాటినా అతుకు పూర్తికాలేదంటే ఏదో ఘోరం జరిగిందని కాదు, ఈ ఫ్రాక్చర్ స్వభావమే అది. అయితే రాడ్ ఉన్న కాలిలో నొప్పి తగ్గుతూ వచ్చి మళ్లీ పెరిగితే మాత్రం వెంటనే చూపించాలి.

భయంతో మందు మానేయకూడదు

ఇంతదాకా చదివినవారిలో కొందరికి ఆ మాత్రను ఈ రోజే అవతల పారేయాలనిపించవచ్చు. ఆ భయం నాకూ తెలుసు. కానీ ఇక్కడ అంకెలు చూడడం చాలా అవసరం. ఈ విధమైన ఫ్రాక్చర్ల గురించి వైద్యలోకం గట్టిగా మాట్లాడుకోవడం 2005 తరువాత మొదలైంది. 2010 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బిస్ఫాస్ఫొనేట్ల లేబుల్ మీద హెచ్చరిక చేర్చింది. ఆ వార్తలతో ఎంతోమంది, నిజంగా మందు అవసరమైనవారు సైతం మానేశారు.

2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం దక్షిణ కాలిఫోర్నియాలో 50 ఏళ్లు, ఆ పైబడిన 1,96,129 మంది స్త్రీల వివరాలు పరిశీలించింది. వారిలో ఈ రకం ఫ్రాక్చర్ 277 మందికి వచ్చింది. మందు వాడిన కాలం పెరిగేకొద్దీ ప్రమాదం బాగా పెరిగింది. మూడు నెలలలోపు వాడినవారితో పోలిస్తే మూడు నుంచి ఐదేళ్లు వాడినవారికి సుమారు 9 రెట్లు, ఎనిమిదేళ్లు దాటినవారికి 43 రెట్లకు పైగా ఉంది. ఈ రెట్లు వింటే గుండె జారుతుంది. కానీ మొదటి సంఖ్యే అతి చిన్నది కావడం వల్ల అసలు లెక్క వేరుగా ఉంటుంది. 10,000 మంది శ్వేతజాతి స్త్రీలు మూడేళ్లు మందు వాడితే 149 తుంటి ఫ్రాక్చర్లు ఆగుతాయనీ, దానికి బదులుగా ఈ రకం ఫ్రాక్చర్లు 2 వస్తాయనీ ఆ అధ్యయనం అంచనా వేసింది. ఆసియా సంతతి స్త్రీలలో ఆగేవి 91, వచ్చేవి 8. ఆసియా సంతతివారికి తూకం కొంత తగ్గుతున్నమాట నిజమే, అయినా మొగ్గు మందు వైపే స్పష్టంగా ఉంది. తుంటి విరగడం వృద్ధాప్యంలో ఎందరిని మంచాన పడేస్తుందో చూసినవారికి 91 అన్న అంకె విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆ మొగ్గు ఎల్లకాలం ఒకేలా ఉండదు కనుకనే డాక్టర్లు మందుకు విరామం ఇస్తారు. మాత్రలు ఐదేళ్లు, జోలెడ్రోనిక్ యాసిడ్ మూడేళ్లు అయ్యాక ఎముకల పరిస్థితిని మళ్లీ అంచనా వేస్తారు. ప్రమాదం తక్కువగా ఉన్నవారికి ఆపి చూస్తారు. గతంలో తుంటి గానీ వెన్నుపూస గానీ విరిగినవారికి, ఎముక సాంద్రత ఇంకా బాగా తక్కువగా ఉన్నవారికి మాత్రలను పదేళ్ల వరకు, జోలెడ్రోనిక్ యాసిడ్‌ను ఆరేళ్ల వరకు కొనసాగించవచ్చు. బిస్ఫాస్ఫొనేట్లు ఎముకలోనే ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి కాబట్టి ఆపిన తరువాత కూడా కొంతకాలం రక్షణ మిగులుతుంది. ఈ ఫ్రాక్చర్ ప్రమాదం మాత్రం చాలా వేగంగా పడిపోతుంది. 2011లో వచ్చిన స్వీడన్ అధ్యయనంలో మందు ఆపిన తరువాత గడిచిన ఒక్కో ఏడాదికీ అది 70 శాతం చొప్పున తగ్గింది. విరామం ప్రయోజనం ఇదే. అందుకే ఐదో ఏడు నిండినప్పుడు “ఇంకా కొనసాగించాలా, ఆపి చూడాలా?” అని డాక్టరును తప్పక అడగాలి. అడిగేవారు లేకనే ఎన్నో చీటీలు పన్నెండేళ్లూ పదిహేనేళ్లూ అలాగే తిరగరాయబడుతూ ఉంటాయి.

డెనోసుమాబ్‌కు మాత్రం ఈ విరామం సూత్రం వర్తించదు, ఈ తేడాను ఇంట్లో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. ఈ మందు ఎముకలో నిలవ ఉండదు. ఆరు నెలలు దాటి ఇంజెక్షను పడకపోతే అణిగి ఉన్న తొలిచే కణాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి, నెలల వ్యవధిలో కొందరికి ఒకటికి మించి వెన్నుపూసలు కుంగిపోతాయి. తొడ బీట భయంతోనో, ప్రయాణాల వల్లనో, మరిచిపోయో ఈ ఇంజెక్షనును దాటవేయడం ప్రమాదకరం. ఆపవలసి వస్తే దాని వెంటనే ఏ మందు మొదలుపెట్టాలో డాక్టరు ముందే నిర్ణయించాలి. డెనోసుమాబ్ వాడుతుండగా తొడలో బీట బయటపడితే తూకం ఇంకా క్లిష్టమవుతుంది కనుక, ఆపరేషను చేసే సర్జనుతో పాటు ఎముకల మందులు చూసే ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) గానీ రుమటాలజిస్టు (కీళ్లవాతాల డాక్టరు) గానీ కలిసి నిర్ణయించేలా చూడాలి.

విరామంలో ఉన్నవారి విషయంలోనూ తొడ నొప్పిని తేలికగా తీసుకోకూడదు, ముఖ్యంగా ఆపిన మొదటి ఏడాదిలో. మందు ఆపిన తేదీని కూడా అదే కాగితం మీద రాసి, ప్రతిసారీ డాక్టరుకు చూపించే ఫైలులో మొదటి పేజీగా పెట్టాలి. ఆ ఫైలు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లే ప్రతిసారీ బయలుదేరేముందు పెద్దవారిని ఒక ప్రశ్న అడగాలి: “కాలు మోపినప్పుడు తొడలో గానీ గజ్జలో గానీ కొత్తగా ఏమైనా నొప్పి ఉంటోందా?” అని. అడిగి, వారు కుర్చీలోంచి లేచి వేసే మొదటి నాలుగు అడుగులను పక్కన నిలబడి చూడాలి.